టక్కుమనాలె!

కోరుట్ల బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లోకి కుంటుకుంటూ ఎవరొచ్చినా ఐదు నిమిషాల్లో మా కాక చేతిలో పడాల్సిందే.

"యాడ పడ్డవ్ తమ్మీ? ఎక్స్‌రే తీసిండ్రా? జగిత్యాలనా? మరి టక్కుమనిపిచ్చిండా లేదా?"

ఆ చివరి ప్రశ్నలోనే కాక వైద్యశాస్త్రమంతా ఉంది. కీలు టక్కుమంటే ఎముక 'పడ్డట్టు'. అనకపోతే డాక్టరుకు చదువు రానట్టు.

నిరుడు వడ్ల కోతలప్పుడు, 63వ నంబరు హైవే పక్కన ఆరబోసిన వడ్ల మీద కాక బండి జారింది. చీలమండ మెలికపడి బుర్రలా ఉబ్బింది. ఎక్స్‌రేలో ఎముకకేం కాలేదని, లిగమెంటు సాగిందని తేలింది. ఇంకొకరైతే మొక్కు చెల్లించడానికి కొండగట్టు పోయేవారు. కాకకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "గింత వాపుకు ఒక్క పగులన్నా లేదా!"

పగులు లేకున్నా కట్టు కట్టించుకున్నాడు. పుత్తూరు ఎక్కడో తిరుపతి అవతల ఉన్నా, పుత్తూరు కట్టు బోర్డు లేని పట్నం మనకు దొరకదు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, వాటి మీద గుడ్డ. సాయంత్రానికి కాక కాలివేళ్లు నీలంగా మారాయి. అట్లా రంగు మారినా, తిమ్మిరెక్కినా కట్టు విప్పెయ్యాలి. "పట్టు పడుతున్నదే" అని కాక పళ్లు బిగించి కూర్చున్నాడు. చిన్నమ్మ మాట్లాడకుండా కత్తెర తెచ్చి కత్తిరించేసింది. ఆ వారమంతా కాకకు జరిగిన సరైన వైద్యం అదొక్కటే అని నా లెక్క.

ఈ టక్కు పిచ్చి దుబాయి నుంచి వచ్చింది. అక్కడ డ్రైవరుగా ఉన్నప్పుడు నడుం పట్టేస్తే, అర్బాబ్, అంటే యజమాని, తాను వెళ్లే ఆస్టియోపాత్ దగ్గరికే తీసుకెళ్లాడట. ఆయన ముప్పావుగంట ప్రశ్నలే అడిగాడు. ఎట్ల పంటవు, సీట్లో ఎంతసేపు కూసుంటవు, కాలు తిమ్మిరెక్కుతదా అని. నిలబెట్టి చూశాడు, వంచి చూశాడు, మెల్లమెల్లగా వేళ్లతో వత్తాడు. ఇంటి దగ్గర చేసుకొమ్మని నాలుగు కసరత్తులు చెప్పాడు. మధ్యలో ఒక్కసారి నడుం తిప్పితే టక్కుమంది. కాక మిగతాదంతా ఎయిర్‌పోర్టులోనే వదిలేసి, ఆ టక్కునొక్కటే బంగారు బిస్కెట్టులా ఊరికి తెచ్చుకున్నాడు.

1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు మొదలుపెట్టిన విద్య ఈ ఆస్టియోపతీ. ఇప్పుడు అమెరికాలో ఆ పట్టా ఉన్నవాళ్లు ఆపరేషన్లు కూడా చేసే పూర్తి డాక్టర్లు. బ్రిటన్‌లో చేతులతో వైద్యం చేసేవాళ్లు, 1993 చట్టం కింద నమోదైనవాళ్లు. మన దిక్కు దెబ్బ తగిలిన కాలును మళ్లీ నడిపించే పని ఫిజియోథెరపిస్టుది. ఇక టక్కు అంటారా, అది కీలులోని జిగురునీళ్లలో ఏర్పడే గాలిబుడగ చప్పుడు. ఒకసారి అన్నాక ఇరవై నిమిషాల దాకా మళ్లీ అనదు. ఈ సంగతి చెబితే కాక నన్ను ఎగాదిగా చూశాడు. "అంటే అర్బాబు గాలికి పైసలిచ్చిండా?"

ఆఖరికి కాకను ఫిజియోథెరపీకి తీసుకుపోతే, అక్కడి పిల్ల కాలు అటూ ఇటూ తిప్పి చూసి, మూడు పనులు చెప్పింది. కాలి బొటనవేలితో గాలిలో అఆలు దిద్దాలి. గోడ పట్టుకుని మడమలెత్తి దించాలి. ఒంటికాలు మీద నిలబడాలి, ఎందుకంటే మెలికపడ్డ చీలమండ నిలకడ మర్చిపోతుంది, మళ్లీ నేర్పకపోతే మళ్లీ మెలికపడుతుంది.

"గిదేం వైద్యం బిడ్డా, బడికి తోలినట్టున్నది" అన్నాడు కాక. నెల గడిచినా ఆయన అఆలు 'ఋ' దాటలేదు.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కాక బామ్మర్దికి కూడా సరిగ్గా ఇదే దెబ్బ తగిలింది. మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటలు నిలువుకాళ్ల కొలువు. విశ్రాంతి తీసుకోమంటే ఇంట్లో పొయ్యి కూడా విశ్రాంతి తీసుకుంటుంది. నాలుగు రోజులు కూర్చుని, కాలికి పట్టీ వేసుకుని మళ్లీ సాంచాల మధ్యకే పోయాడు. ఒక కండె అయిపోయి ఇంకో కండె మార్చేలోపు గోడ పట్టుకుని మడమలెత్తేవాడు, దించేవాడు. పోగు తెగితే ఆపి, అతికించి, మళ్లీ ఎత్తేవాడు. రెండు నెలలకు కాలు బాగయింది. దాని గురించి చెప్పుకోవడానికి ఆయన దగ్గర కథేం లేదు. కాక దగ్గర మాత్రం కాలు తప్ప అన్నీ ఉన్నాయి.

మొన్న హోటల్లో చాయ్ అందుకుంటూ కాక బల్ల చివరన చతికిలబడ్డాడు. చీలమండ టక్కుమంది. పక్కబల్ల వాళ్లకు కూడా వినపడింది.

"పడ్డది!" అని కాక లేచి నిలబడ్డాడు, రెండు కాళ్ల మీద. "ఇన్నవా? పడ్డది!"

ఇక ఫిజియోథెరపీకి పోనన్నాడు. తెల్లారి నేను వెళ్లేసరికి ఆ బల్ల చివరన ఒక మోకాళ్ల నొప్పులాయన కూర్చుంటూ లేస్తున్నాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.