గులాబీ డంబెల్ సిద్ధాంతం

మన స్విమ్మింగ్ పూల్స్‌లో లేడీస్ బ్యాచ్ కోసం ఒక ప్రత్యేక శాస్త్రం చలామణిలో ఉంది. దాని ప్రకారం, ఈత కొట్టే అమ్మాయి ఇనుము ముట్టుకుందంటే భుజాలు సింహద్వారమంత అవుతాయి, నడక మారిపోతుంది, పెళ్లి సంబంధాలు వీధి మలుపులోనే వెనుదిరుగుతాయి. అందుకే ఆమెకు మంజూరైన గరిష్ఠ బరువు ఒక కిలో, అదీ గులాబీ రంగులో. ఈ శాస్త్రమే వంటింటి గడప దగ్గరికొచ్చేసరికి మూగబోతుంది. నిండు గ్యాస్ సిలిండర్ ఇనుముతో కలిపి 30 కిలోల దాకా తూగుతుంది. దాన్ని గుమ్మం నుంచి పొయ్యి దాకా ఈడ్చే ఇల్లాలి భుజాల గురించి ఏ పెద్దమనిషీ బెంగపెట్టుకున్న దాఖలా లేదు. 25 కిలోల బియ్యం బస్తా జరిపినా, చంకన నీళ్ల బిందె మోసినా ఆడతనానికి ఢోకా లేదు. ఆ బరువే జిమ్‌లో, తన కోసం తాను ఎత్తితే మాత్రం మగరాయుడైపోతుందట!

కండలు పెరగడంలో టెస్టోస్టిరాన్‌ది పెద్ద పాత్ర. వయోజనులైన మగవాళ్ల రక్తంలో అది ఆడవాళ్లలో కంటే సుమారు 15 రెట్లు ఎక్కువ. ఆడవాళ్లకూ కండ పెరుగుతుంది, కాదనక్కర్లేదు. కానీ మొదటి వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ భాగం, ఉన్న కండనే నాడులు మెరుగ్గా పనిచేయించడం వల్ల వచ్చేది. బాడీబిల్డర్ దేహానికి ఏళ్ల తరబడి కసరత్తు, కొలిచి తినే తిండి కావాలి. వారానికి రెండుసార్లు స్క్వాట్లు తీస్తే పొరపాటున అలా తయారవుతామనుకోవడం, వీణ క్లాసులో చేరితే నెల తిరక్కుండా కచేరీ చేయమంటారేమోనని భయపడటం లాంటిది. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె ఫొటో చూసి గర్వంతో ఛాతీ విరుచుకునేవాళ్లే, సొంత కూతురు బార్ పట్టుకుంటే గుండెలు బాదుకుంటారు.

‘ఈత ఒక్కటే సర్వాంగ వ్యాయామం కదా, మళ్లీ బరువులెందుకు?’ అనేది కాస్త చదువుకున్న అభ్యంతరం. గుండెకూ ఊపిరికీ ఈత మేలే. కానీ నీళ్లు మనిషిని తేల్చేస్తాయి. ఎముక గట్టిపడాలంటే దాని మీద భారం పడాలి. పరుగులు, గెంతులు ఉన్న ఆటలవాళ్లతో పోలిస్తే ఈతగాళ్ల ఎముకల సాంద్రత తక్కువగా ఉంటుందన్నది పరిశోధకులు పదేపదే గమనించిన సంగతి. పైగా వారానికి వేలసార్లు చెయ్యి తిప్పే భుజానికి, కీలును పట్టి ఉంచే చిన్న కండరాలు బలంగా లేకపోతే నొప్పి వచ్చే అవకాశం ఎక్కువ. డైవ్‌లో, గోడను తన్ని మళ్లే టర్న్‌లో పనిచేసేది కాళ్ల బలమే. అమెరికా స్విమ్మర్ డారా టోరెస్ బరువుల శిక్షణతో కలిపి సిద్ధమై, 41వ ఏట 2008 బీజింగ్‌లో మూడు రజతాలు గెలిచింది. 50 మీటర్ల స్వర్ణం సెకనులో నూరోవంతు తేడాతో చేజారింది. బరువులెత్తితే ఒళ్లు బిగుసుకుపోతుందనేవాళ్లకూ జవాబుంది: కీలు పూర్తిగా కదిలేలా చేసే కసరత్తు సాగే గుణాన్ని తగ్గించదు.

ఒప్పుకోవలసిన అభ్యంతరాలూ ఉన్నాయి. తప్పు పద్ధతిలో ఎత్తితే నడుం పడుతుంది. ఈతతో అలసిన భుజాల మీద వెంటనే పెద్ద బరువు పెట్టడం తెలివితక్కువ పని. స్ట్రోక్ సరిగా లేనివాళ్లను ఏ బార్‌బెల్లూ ఒడ్డు చేర్చదు. నిజమే. అయితే వీటికి విరుగుడు సరిగా నేర్పే కోచ్, కొద్దికొద్దిగా పెంచే బరువు. జిమ్ తలుపు మూసేయడం కాదు. పెద్దవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆడవాళ్లకు మినహాయింపు ఇవ్వలేదు. మన పూల్ గట్టు మీది నిపుణులను సంప్రదించడం మరిచినట్టుంది. ఇరవై ఏళ్ల అమ్మాయి భుజాల కొలతల మీద ఇంత శ్రద్ధ చూపే ఈ శ్రేయోభిలాషులు, రేపు మెనోపాజ్ తర్వాత ఎముకలు గుల్లబారి ఆమె తుంటి విరిగితే ఆపరేషన్ ఖర్చులో సగం భరిస్తామని బాండు పేపరు మీద సంతకం పెట్టివ్వాలి. అప్పుడు వాళ్ల సలహా వినడం గురించి ఆలోచించవచ్చు.