చట్రీయం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

రంగు చూచి మురిసి రాలీ యనకుమయ్య
మరలు చూడు గొట్ట మడుగు చూడు
తుప్పు దీయునపుడు తొందర వలదయ్య
చెరిపి పిదప వ్రాయు చెయ్యి లేదు

అవతారిక

తెలుగునాట పశువుల కొట్టాల్లోనూ, తాతగారి గది తలుపుల వెనకా నల్లటి సైకిళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. అలకపాన్పు మీద అల్లుడు సాధించుకున్నవి కొన్ని, ఉద్యోగం వచ్చిన కొత్తలో అప్పు చేసి కొన్నవి కొన్ని. ఏదో ఒక ఆదివారం మనవడికి వాటి మీద భక్తి పుడుతుంది. ఆ భక్తి మొదట ప్రకటన రూపం దాలుస్తుంది: “ఇది అసలు సిసలు ఇంగ్లండు రాలీ!” ఆ వెంటనే గ్రైండరు, వైరు బ్రష్షు, స్ప్రే డబ్బా రూపం దాలుస్తుంది. మొదటి రెండు పాదాలు ఆ ప్రకటనను, చివరి రెండు పాదాలు ఆ గ్రైండరును వారించడానికి చెప్పినవి. పద్యకర్తా వ్యాఖ్యాతా ఒకరే కావడం వల్ల కవిహృదయం విషయంలో వివాదం లేదు.

ప్రతిపదార్థం

రంగు చూచి = పైపూత, స్టిక్కరు, ముందు బిళ్ల వగైరాలు చూసి; మురిసి = ఉబ్బితబ్బిబ్బై; రాలీ అనకుము = నాటింగ్‌హామ్‌లో పుట్టిందని తీర్మానించకు; అయ్య = ఓ మనవడా; మరలు చూడు = మర చుట్లు లెక్కపెట్టు; గొట్టము అడుగు చూడు = బండిని తలకిందులు చెయ్యి; తుప్పు తీయునపుడు తొందర వలదు = గ్రైండరు కింద పెట్టు; చెరిపి = అంకెలూ గీతలూ అరగదీసి; పిదప = అయ్యో అనుకున్న తరువాత; వ్రాయు చెయ్యి లేదు = నాటింగ్‌హామ్ రాలీ ఫ్యాక్టరీ 2002లో మూతపడింది.

“రాలీ”కి “ర్యాలీ” అని పాఠాంతరం. సైకిలు షాపుల పాఠం అదే. ఛందస్సుకు రెండూ సమ్మతమే.

టీక

“రంగు చూచి మురిసి”: ఇక్కడ పూర్వపక్షి లేచి, “ముందు బిళ్ల మీద కొంగ తల ఉంది, కింద పేరుంది, ఇంకేం ప్రమాణం కావాలి?” అంటాడు. సమాధానం: ఊడదీసి బిగించగలిగే బిళ్ల ఏ చట్రానికైనా వస్తుంది. పైగా రాలీ అయినంత మాత్రాన నాటింగ్‌హామ్ కానక్కర్లేదు. 1950లలో పశ్చిమ బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ అదే పేరుతో సైకిళ్లు చేసింది. మద్రాసు పక్క అంబత్తూరులో 1949లో స్థాపించిన టి.ఐ. సైకిల్స్ హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. అనే బర్మింగ్‌హామ్ పేర్లతో చేసింది. అసన్‌సోల్ బండి అయితే తాతగారి పరువుకు వచ్చిన లోటేమీ లేదు. అసన్‌సోల్‌ను నాటింగ్‌హామ్ అనడమే దోషం.

మధ్యనున్న చైన్ వీల్ మీద బొమ్మ చూడమని కొందరు చెబుతారు. కొంగ తలలుంటే రాలీ, అరచెయ్యి ఉంటే రడ్జ్, వరసగా అయిదుగురు మనుషులుంటే హంబర్. ముచ్చటైన సాక్ష్యమే. అయితే కాటర్ పిన్ను కొట్టి తీసి ఇంకో బండికి తొడగగల సాక్ష్యం. ఇలాంటి వాటిని గ్రంథ పరిష్కర్తలు ప్రక్షిప్తాలంటారు. అరవై ఏళ్లలో అరవై ఓవరాలింగులు చూసిన బండిలో సీటు ఒక ఊరిదీ, హ్యాండిల్ ఇంకో ఊరిదీ అయి ఉండడం సహజం. కాబట్టి మూలగ్రంథం చట్రమే. అందులోనూ హంబర్ ఫోర్కు వంటివి మోసం చేయడం కష్టం. ఆ ఫోర్కుకు ఒక్కో కాలు రెండు సన్నటి గొట్టాలుగా ఉంటుంది.

రేసు చట్రాల మీద “రేనాల్డ్స్ 531” స్టిక్కరు విషయమూ ఇంతే. బర్మింగ్‌హామ్ రేనాల్డ్స్ వారు 1935లో తెచ్చిన ఈ మాంగనీస్-మాలిబ్డినమ్ ఉక్కు గొట్టాలకు అంత పేరు కాబట్టే స్టిక్కరుకూ అంత గిరాకీ. ఆ స్టిక్కరును నమ్మకుండా సీటు గొట్టంలోకి ఏ కొలత పోస్టు దిగుతుందో చూడాలి. మేలురకం గొట్టానికీ నాటురకం గొట్టానికీ వెలుపలి వ్యాసం 28.6 మిల్లీమీటర్లే. 27.2 పోస్టు దిగితే గోడ పలచన, స్టిక్కరు మాట వినవచ్చు. 25.4 దగ్గర ఆగిపోతే గోడ దళసరి. అది పాల క్యానులు మోయడానికి పుట్టిన ఉక్కు, స్టిక్కరు తరువాత పుట్టింది.

“మరలు చూడు”: పెడళ్ల ఇరుసు కూర్చునే గుల్లను మెకానిక్కులు బీబీ అంటారు. బ్రిటిష్ సంప్రదాయంలో దాని మరకు అంగుళానికి 24 చుట్లు. నాటింగ్‌హామ్ రాలీ మాత్రం పట్టుబట్టి 26 చుట్లు పెట్టుకుంది. మామూలు కప్పు రెండు చుట్లు ఎక్కి మొరాయిస్తే మెకానిక్కు తిట్టుకుంటాడు, చరిత్రకారుడు ఆనందిస్తాడు. అయితే ఈ హేతువు ఒకవైపే పనిచేస్తుంది. 26 కనిపిస్తే రాలీ వంశమనడానికి బలమైన ఆధారం దొరికినట్టే. 24 కనిపించినంత మాత్రాన కాదనలేం. ఎందుకంటే రాలీ గొడుగు కింద వర్క్‌సాప్‌లో తయారైన కార్ల్‌టన్ రేసు చట్రాలకు 24 చుట్లే ఉండేవి.

ఈ సందర్భంలోనే ఒక ధర్మసూక్ష్మం. బ్రిటిష్ చట్రాల్లో చైన్ వైపు కప్పుకు ఎడమ మర. దాన్ని ప్రదక్షిణంగా తిప్పితే ఊడుతుంది, అప్రదక్షిణంగా తిప్పితే బిగుస్తుంది. తొక్కేకొద్దీ గోళీల ఒత్తిడికి కప్పు ఇరుసుకు ఎదురు దిక్కున జరగజూస్తుంది కనుక పెద్దలు ఆ కట్టుబాటు చేశారు. ఇటలీ చట్రాలకు రెండు వైపులా కుడి మరే. బ్రిటిష్ ఎడమ మర సంగతి తెలియని బలశాలి పొడవాటి పానా పట్టుకుని, ఊడదీస్తున్నాననుకుంటూ సాయంత్రం దాకా బిగిస్తాడు.

“గొట్టమడుగు చూడు”: చట్రం నంబరు బీబీ అడుగున గానీ, సీటు కింది లగ్గు (గొట్టాలు కలిసే చోటి తొడుగు) మీద గానీ, వెనక ఇరుసు కొక్కెం మీద గానీ ఉంటుంది. పాత రాలీ నంబర్లు ఏళ్ల వరసన బుద్ధిగా నడవవు. వాటినొక్కదాన్నే పట్టుకుని పుట్టిన సంవత్సరం చెప్పబోతే జాతకం తప్పుతుంది. మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్ ఉంటే పని సులువు. దాని ఒంటి మీద ఏడాదీ నెలా ముద్ర ఉంటుంది. 58, 11 అంటే 1958 నవంబరు. కానీ అది హబ్ జన్మతేదీ. చక్రం మారి ఉంటే చట్రానికి వర్తించదు. పంచాయతీ వారి సైకిలు పన్ను బిళ్ల దొరికినా అంతే. పన్ను కట్టిన ఏడాది చెబుతుంది గానీ పుట్టిన ఏడాది చెప్పదు. అయినా పారెయ్యకూడదు. ఏ మూడు సాక్ష్యాలు ఒక్క మాట మీద నిలిస్తే అదే సిద్ధాంతం.

“తుప్పు దీయునపుడు”: చట్రం వంకర లేదని తేల్చుకున్నాకే తుప్పు జోలికి పోవాలి. వెనక ఇరుసు కొక్కెం నుంచి ఒక దారం హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి రెండో కొక్కేనికి కట్టాలి. సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో కొలవాలి. సమానమైతే చట్రం నిటారు. ముందు లగ్గు వెనక, గొట్టాల అడుగున రంగు ముడతపడినా, ఉబ్బు తగిలినా బండి ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దిందని గ్రహించాలి. సీటు గొట్టంలోంచి దిగిన వాననీరు బీబీ గుల్లలో నిలుస్తుంది. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిందా, ఏ రంగూ ఆ బండిని కాపాడదు. గొట్టం మార్చాలి. లగ్గుల్లో ఇత్తడి కరిగించి అతికిన ఉక్కు చట్రానికి ఆ వరం ఉంది. మళ్లీ వేడి చేస్తే అతుకు వదులుతుంది, కొత్త గొట్టం కూర్చుంటుంది.

పైతుప్పుకు ముందు కిరసనాయిలూ పాత గుడ్డా. లొంగకపోతే ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లు. అది తుప్పును కరిగిస్తుంది, మంచి రంగును పెద్దగా ముట్టుకోదు. అయితే అది విషం. చేతులకు తొడుగులు వేసుకోవాలి, పిల్లలకు దూరంగా ఉంచాలి. పని అయ్యాక వంటసోడా నీళ్లతో కడిగి, తడి లేకుండా తుడిచి, వెంటనే నూనె రాయాలి. ఉప్పుకాగితం ఆఖరి అస్త్రం. ఇసుక బ్లాస్టింగు అస్త్రం కూడా కాదు, ప్రళయం. చేయి తిరగనివాడు కొడితే తుప్పుతో పాటు నంబరూ పోతుంది.

“చెరిపి పిదప వ్రాయు చెయ్యి లేదు”: ఈ పాదం దగ్గర పండితులు రెండు మతాలుగా చీలారు. కొత్తరంగువాదులు తుప్పు అవమానమంటారు, బండి పెళ్లినాడు మెరిసినట్టు మెరవాలంటారు. యథాస్థితివాదులు తాతగారు తొక్కిన మరకను కూడా తుడవరు. ఇరువురికీ కవి చెప్పే తీర్పు ఒకటే: గొట్టాన్ని తినే తుప్పును తీసెయ్, గొట్టం గురించి చెప్పే గుర్తును ఉంచు. నల్ల ఎనామిల్ మీద కుంచెతో లాగిన బంగారు గీత సగం మిగిలినా అదే మూలపాఠం. దళసరి పౌడర్ కోటింగు వేస్తే లగ్గుల అంచులు మొద్దుబారతాయి, పాఠం మొత్తం సమసిపోతుంది. మరీ రంగు వేయాల్సివస్తే ముందే ఫొటోలు తీసి, ముందు బిళ్ల కింద దాక్కున్న అసలు రంగు చూసి, దాన్నే వేయాలి.

అలంకారం: లేదు. అలంకరణ వద్దనే పద్యంలో అలంకారం ఉండటం ఔచిత్యభంగం.

తాత్పర్యం

ఓ మనవడా! పాత సైకిలును గుర్తించేటప్పుడు ఊడివచ్చే వాటిని నమ్మక, ఊడిరాని వాటిని నమ్ము. బాగుచేసేటప్పుడు పరిష్కర్తగా ఉండు, కవివి కాకు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని గ్రైండరు ప్లగ్గు పెట్టకముందు పఠించిన వారికి చట్రం నంబరు దక్కుతుంది. పెట్టిన తరువాత పఠించిన వారికి పద్యం దక్కుతుంది.