ఏటీఎం వాక్యద్వయం: టీకా తాత్పర్యం

మూలం

మీ కార్డును తీసుకోండి.
మీ నగదును తీసుకోండి.

అవతారిక

ఏటీఎంలో లావాదేవీ ముగిసే వేళ తెరపై వెలిసే వాక్యద్వయమిది. రచయిత అజ్ఞాతుడు. బార్‌క్లేస్ బ్యాంకు 1967 జూన్ 27న లండన్ ఉత్తర శివారు ఎన్‌ఫీల్డ్‌లో తొలి నగదు యంత్రాన్ని ప్రారంభించినప్పుడు ఈ మూలం లేదు, దాని అవసరమూ లేదు. ఆ యంత్రంలో పెట్టేది కార్డు కాదు, ప్రత్యేకంగా తయారుచేసిన కాగితపు చెక్కు. యంత్రం దాన్ని మింగేసి నోట్లు ఇచ్చేది. తిరిగి తీసుకోవలసింది లేదు గనుక మరచిపోవలసిందీ లేదు. వాడినవారి చేతికి తిరిగి రావలసిన కార్డు పుట్టాకే మరపూ పుట్టింది, దాని విరుగుడుగా ఈ మూలమూ పుట్టింది.

ప్రతిపదార్థం

మీ = యంత్రమునకు ఎదుట నిలిచినవారి యొక్క (వెనుక వరుసలో నిలిచి తొంగిచూచువారి యొక్క కాదు); కార్డును = బ్యాంకువారు దయచేసిన ప్లాస్టిక్ పలకను; తీసుకోండి = వ్రేళ్లతో పట్టి వెలికి లాగుకొనుడు; మీ = మరల వారి యొక్కయే; నగదును = ఏ పని మీద ఎండలో నడచి వచ్చిరో ఆ డబ్బును; తీసుకోండి = లెక్కించుకొని జేబున వేసుకొనుడు.

అన్వయం

రెండు వాక్యాల్లో భేదం ఒక్క పదమే. అయినా స్థానాలు మార్చరాదు. మొదటి వాక్యం చెప్పిన పని జరిగితే గాని రెండోది తెరపైకి రాదు. కార్డు చేతికి వచ్చేదాకా నోట్ల అర తెరుచుకోదు. ఈ మూలం ప్రాణం మాటల్లో లేదు, వరుసలో ఉంది.

పాఠాంతరం

పాత యంత్రాలు కొన్నిటిలో "నగదును" ముందు, "కార్డును" తరువాత వచ్చేవి. అర్థదోషం లేదు, వ్యాకరణదోషం లేదు. కార్డులు మాత్రం యంత్రాల్లోనే మిగిలిపోయేవి. మనిషి వచ్చింది డబ్బు కోసం. డబ్బు చేతిలో పడగానే "పని అయింది" అని మనసు తీర్పు చెబుతుంది, కాళ్లు తలుపు వైపు తిరుగుతాయి. ముఖ్యప్రయోజనం తీరాక మిగిలే చిన్న పని మనసులోంచి జారిపోవడాన్ని మైకేల్ బర్న్, సూసన్ బొవైర్ 1997లో ప్రయోగాలతో పరిశీలించారు. తలలో పెట్టుకోవలసిన విషయాల బరువు పెరిగేకొద్దీ ఈ జాతి మరపు ఎక్కువవుతుందని వారు చూపారు.

ఇంటా బజారునా దీనికి ఉదాహరణలకు కొదవ లేదు. జిరాక్స్ కాపీలు చేతికి వస్తాయి, ఆధార్ కార్డు అద్దం మీదే ఉండిపోతుంది. కూర దిగుతుంది, గ్యాస్ రెగ్యులేటర్ తిప్పడం మిగిలిపోతుంది.

వ్యాకరణ విశేషం

"ఖాతాదారు కార్డు మరచెను" అన్న వాక్యంలో కర్త ఖాతాదారు. లోకం ఇక్కడే ఆగి "ఒట్టి పరధ్యానం మనిషి" అని తేల్చేస్తుంది. మనిషికి తగ్గట్టు పరికరాలను మలిచే మానవ కారకాల శాస్త్రం ఇక్కడ ప్రేరణార్థకాన్ని ప్రయోగిస్తుంది: "యంత్రము ఖాతాదారుచేత కార్డు మరపించెను." మరచినవాడు ప్రయోజ్యకర్త మాత్రమే, మరపించిన యంత్రం ప్రయోజకకర్త.

ఈ భేదం విమానాల దగ్గర తేలింది. రెండో ప్రపంచయుద్ధ కాలపు బి-17 బాంబర్లలో చక్రాల మీట, రెక్కల ఫ్లాపుల మీట ఒకే పోలికతో పక్కపక్కన ఉండేవి. నేలకు దిగాక ఫ్లాపులు మూయబోయిన పైలట్లు చక్రాలు ముడిచి విమానాన్ని పొట్ట మీద కూలేసేవారు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అల్ఫాన్స్ చపానిస్ పైలట్లను తప్పుపట్టకుండా మీటలను చూశాడు. చక్రాల మీటకు చిన్న చక్రపు రూపం, ఫ్లాపుల మీటకు ఫ్లాపు రూపం ఇస్తే కన్ను చూడకపోయినా చెయ్యి గుర్తుపడుతుందన్నాడు. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలాంటి 460 అనుభవాలను వర్గీకరిస్తే, ఒక మీటకు బదులు మరొకటి కదిపినవే అన్నిటికన్నా ఎక్కువగా తేలాయి. వారు నివేదిక పేరులోనే "పైలట్ పొరపాటు" అన్న మాటను కొటేషన్ గుర్తుల మధ్య బంధించారు. ప్రయోజకకర్త మీద అనుమానానికి అంతకన్నా పొదుపైన సూచన లేదు.

యతి, ధ్వని

మూలం గద్యమైనా యతి ఉంది: మొదటి వాక్యానికీ రెండోదానికీ మధ్య, కార్డు చేతిలోకి వచ్చేదాకా యంత్రం పాటించే మౌనం. ధ్వని కూడా ఉంది. కార్డు తీయకపోతే యంత్రం చేసే కీచు శబ్దానికి వాచ్యార్థం సున్న, వ్యంగ్యార్థం "అయ్యా, పలక మరిచారు". అయితే అడుగడుగునా కీచుమనే యంత్రాన్ని చెవి క్రమంగా లెక్కచేయడం మానేస్తుంది. ధ్వని అరుదుగా ఉంటేనే స్ఫురిస్తుంది.

పూర్వపక్షం, సమాధానం

"కార్డు మరవవద్దు అని గోడ మీద పెద్ద బోర్డు పెడితే చాలదా?" చాలదు. బోర్డు జ్ఞాపకాన్ని జ్ఞాపకంతోనే సాయం అడుగుతుంది. వరుస మార్చితే జ్ఞాపకంతో పనే ఉండదు.

"కార్డు అలా పెట్టి ఇలా తీసే యంత్రాలకు ఈ మూలం వ్యర్థం కదా?" అయస్కాంత పట్టీ చదివినన్నాళ్లు వ్యర్థమే, కార్డు మొదటే చేతికి వచ్చేది. చిప్పు వచ్చాక పని ముగిసేదాకా యంత్రం కార్డును పట్టి ఉంచుతోంది. దాంతో మూలానికి మళ్లీ ప్రాణం వచ్చింది.

"రెండోసారి డబ్బు కావలిస్తే కార్డు మళ్లీ పెట్టాలి, ఇది శ్రమ కాదా?" శ్రమే. అప్పుడప్పుడు పడే ఆ శ్రమ, పోయిన కార్డు కోసం బ్యాంకు చుట్టూ తిరిగే శ్రమ కన్నా తక్కువ.

శబ్దచర్చ

మూలకర్త "తీసుకోండి" అని వాడుక మాట వాడాడు. బ్యాంకు భాషలో మరో మాట ఉంది: "నగదు ఉపసంహరణ". ఉపసంహరించేది అస్త్రాన్ని, అశ్వత్థామకు చేతకానిది అదే. పింఛను తీసుకోవడానికి వచ్చిన ముసలవ్వ ఆ మాట దగ్గర ఆగితే లోపం ఆమె చదువుది కాదు. అలా ఆగిందని తెలియాలంటే పక్కన నిలబడి చూడాలి. "బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. వేలు ఎక్కడ తటపటాయించింది, కన్ను ఎక్కడ వెతికింది అన్నదే నిజమైన జవాబు. వినియోగదారుల పరిశీలన అంటే ఇదే.

అలాంటి పరిశీలన ఒకటి భోజనాల బల్ల దగ్గర జరిగింది. ఎన్‌ఫీల్డ్ యంత్రపు రూపకర్త, షిల్లాంగ్‌లో పుట్టిన జాన్ షెపర్డ్-బారన్ రహస్య సంఖ్యకు ఆరంకెలు అనుకున్నాడు. భార్య తనకు నాలుగే గుర్తుంటాయన్నదట, నాలుగే స్థిరపడ్డాయి. పరీక్షకు కూర్చున్నది ఒక్కరే అయినా, ఫలితం లోకంలో చాలాచోట్ల నడుస్తోంది.

ప్రక్షిప్తం

కొన్ని యంత్రాల్లో మూడో వాక్యం కనిపిస్తుంది: "మీ రసీదును తీసుకోండి." ఇది మూలంలోది కాదు, తర్వాత చేరినదని వ్యాఖ్యాత నిర్ణయం. నగదు తర్వాత వచ్చే వాక్యం ఏదైనా పాత పాఠాంతరం గతినే పడుతుంది. కార్డు పోతే కష్టం గనుక దాన్ని ముందుకు జరిపారు. రసీదు పోతే నష్టం లేదు గనుక చివర వదిలేశారు.

తాత్పర్యం

మనిషి ఏ ప్రయోజనం కోసం వచ్చాడో దాన్ని చిట్టచివర ఉంచి, మరవరానివన్నీ దానికి ముందే ముగించాలి. దీనికి ప్రమాణం ఏటీఎం గదిలోనే దొరుకుతుంది: నేల మీద రసీదులు కుప్పలుగా పడి ఉంటాయి, కార్డు ఒక్కటీ కనిపించదు.