నీ ముప్ఫై ఏడు నాకెంత?

నీట్ ఆదివారమే అయిపోయింది. మా కిటికీ కింద మాత్రం ఇంకా జరుగుతూనే ఉంది. పార్కింగ్‌లో స్కూటర్లెక్కి కూర్చున్న పిల్లలు, వాచ్‌మన్ లైట్లు ఆర్పేదాకా కదలరు. ఓఎంఆర్ షీటు హాల్లోనే లాగేసుకుని ప్రశ్నపత్రాన్ని చేతికిచ్చి ఇంటికి పంపిన మహానుభావులెవరో గానీ, వాళ్ల కిటికీ కింద పార్కింగ్ ఉండి ఉండదు.

కలవగానే ‘తిన్నావా’ లేదు, ‘పడుకున్నావా’ లేదు. ‘నీ కోడేంటి?’ పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినంత శ్రద్ధగా. ప్రశ్నపత్రం కోడ్ కలిస్తే ఆనందమే. కలవకపోతే ప్రశ్నల వరుస మారిపోతుంది గనక ఒక్కోదాన్నీ వెతుక్కోవాలి.

‘నా ముప్ఫై ఏడు చూడరా, కెపాసిటర్‌ది.’

‘నాకది పదకొండు. ఆప్షన్ త్రీ.’

‘ఆప్షన్ నంబరొద్దు, ఆన్సర్ చెప్పు!’

ఇలా నూట ఎనభై. ఎంపీసీ చదివి బతికిపోయాననుకున్న నాకు, కప్ప గుండెకు మూడు గదులని ఈ వయసులో వంటింట్లో టీ పెట్టుకుంటూ తెలిసింది.

వీళ్లలో ఒకడున్నాడు. ‘పోయింది రా, మొత్తం పోయింది’ అని నెత్తి పట్టుకుంటాడు. పాపం అనిపించి ఎంతొస్తున్నాయి బాబూ అంటే, ‘ఆరొందల ఇరవై దాటవంకుల్’ అంటాడు. పక్కన నాలుగొందల దగ్గర ఆగినవాడు మారు మాట్లాడకుండా స్కూటర్ అద్దం తుడుస్తుంటాడు. ఆ ఆరొందలవాడి ఏడుపు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

పైగా కోచింగ్ సెంటర్ల కీలు, సెంటరుకొకటి. ఒకదాంట్లో రెండన్నది ఇంకోదాంట్లో నాలుగు. నవ్వడానికేం లేదు. 2024లో పరమాణువు స్థిరమా కాదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రతి మూలకం పరమాణువులూ స్థిరమే అంది. కొత్తది, చాలా మూలకాలవి మాత్రమే అంది. ఎందుకొచ్చిన గొడవని పరీక్ష పెట్టినవాళ్లు రెండు జవాబులూ ఒప్పేనన్నారు. ఒక ప్రశ్నకు రెండు ఒప్పులేమిటని పిల్లలు కోర్టుకెక్కారు. విశ్వం పుట్టినప్పటి నుంచీ తన ఎలక్ట్రాన్లేవో తాను చూసుకుంటున్న పరమాణువును ‘హాజర్ హో’ అని పిలిచినంత పనైంది. ఢిల్లీ ఐఐటీ నుంచి ముగ్గురు నిపుణులు తేల్చాలన్నారు న్యాయమూర్తులు. మర్నాటికల్లా తేలిపోయింది: నాలుగో ఆప్షనే సరి. యురేనియంలాంటివి స్థిరంగా ఉండవు కదా! ఉండవని యురేనియానికి ముందే తెలుసు, దాన్నెవరూ అడగలేదు. రెండో ఆప్షన్ పెట్టిన నాలుగు లక్షల పైచిలుకు పిల్లలకు తలా ఐదు మార్కులు పోయాయి: వచ్చిన నాలుగూ వెనక్కి, పైన మైనస్ ఒకటి. 720కి 720 వచ్చినవాళ్లు 61 మంది కాస్తా 17 మందయ్యారు. అక్క చదివిన పుస్తకం ఉండగా కొత్తదెందుకు దండగని తమ్ముడికి అదే ఇచ్చిన తండ్రులు ఆ రాత్రి ఎలా నిద్రపోయారో!

అసలు కీ ఇంకా రావాలి. వచ్చాక నచ్చకపోతే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పుకోవచ్చు. అంటే ఈ తిరునాళ్లకు ఇంకో విడత ఉందన్నమాట.

నిన్న ఇక ఉండబట్టలేక కిందికి దిగాను. కసరడానికే. అందరూ లేచి నిలబడ్డారు. ఏమనాలో తోచక, మూడో అంతస్తు అమ్మాయిని, ‘మీ ఫ్రెండ్‌ది ఏ ఊరమ్మా?’ అనడిగాను. రెండేళ్లు ఒకే బెంచీలో కూర్చున్న పిల్లలు వాళ్లిద్దరూ.

‘తెలీదంకుల్’ అంది. కాసేపు ఆలోచించి, ‘బయాలజీ తనకి మూడొందల ముప్ఫై దాటతాయి’ అంది.

ఆ పక్కపిల్ల నవ్వింది గానీ ఊరి పేరు చెప్పలేదు. తప్పు వాళ్లది కాదు. తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్లిప్ టెస్టు దాకా వాళ్లకు మాట్లాడుకోవడానికి మనం ఇచ్చిందల్లా ఈ నూట ఎనభై ప్రశ్నలే. లిఫ్టులో కనబడ్డ ప్రతి పెద్దమనిషీ ‘ఎన్నొస్తున్నాయమ్మా?’ అనేవాడే తప్ప ఇంకోమాట అడిగినవాడు లేడు. కసరకుండానే పైకి వచ్చేశాను. మా ఆవిడ, ‘చెప్పారా వాళ్లకి?’ అంది. ‘ఆ పొడుగబ్బాయికి కెమిస్ట్రీలో పదిహేను పోయాయట’ అన్నాను.