మోకాలి కింది జుసాన్లీ

జుసాన్లీ చైనా సూది వైద్యం ఆక్యుపంక్చర్‌లో ఒక బిందువు. దానికి పేరుంది, అడ్రసుంది, ఒంటి మీద ఆనవాలు మాత్రం లేదు. కోసి చూసినా కనబడనని ముందే చెప్పేసి, తన కథ మొదలుపెడుతుంది. మోకాలిచిప్ప కింద బయటివైపు గుంట నుంచి నాలుగు వేళ్లు దిగాలట, కాలి ముందెముక అంచు నుంచి ఒక వేలు పక్కకు జరగాలట. ఆ వేళ్లు వైద్యుడివి కాదు, రోగివి. పొడుగు మనిషికీ పొట్టివాడికీ ఒకే కొలత కుదరదు కదా!

ఉండేది కాలిలో, చాకిరీ పొట్టకు. చైనా వైద్యులు చెప్పే జఠర మార్గం కళ్ల కింద బయల్దేరి కాలి రెండో వేలి దాకా దిగుతుంది. అందులో తనది 36వ మజిలీ.

జపాన్‌లో దాని పేరు సన్రీ. 1689లో హైకూ కవి బషో ఉత్తరాది కాలినడకకు సిద్ధమవుతూ ఆ చోట మోక్సా కాల్చుకున్నాడు. మోక్సా అంటే మన మాచిపత్రి జాతి ఆకు ఎండబెట్టి చేసే నూగు.

అమెరికాలో సూది వైద్యం పేరు మారుమోగింది మాత్రం 1971 జులైలో. బీజింగ్ వెళ్లిన న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కు అపెండిక్స్ తీసేశారు. సూదులతోనే ఆపరేషన్ చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, అది నిజం కాదు. చేసింది మామూలు మత్తుమందుతోనే. తర్వాత పొట్ట ఉబ్బరించినప్పుడు మోచేతికీ మోకాళ్ల కిందా సూదులు గుచ్చారు, గంటలో తేలికపడిందని ఆయనే రాశాడు. మోకాళ్ల కింద అన్నాడే తప్ప బిందువు పేరు రాయలేదు. ఆ చోటు తనదేనని జుసాన్లీ వాదన.

దాని వాదనకు కాస్త బలం 2021లో దొరికింది. హార్వర్డ్‌కు చెందిన చ్యూఫూ మా బృందం నేచర్ పత్రికలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలను ప్రచురించింది. ఈ చోట సన్నగా కరెంటు పెడితే కాలి లోపలి ప్రత్యేక నాడులు మేల్కొంటాయి. ఆ కబురు వేగస్ నాడి ద్వారా అడ్రినల్ గ్రంథికి చేరి ఒంట్లో వాపు తగ్గుతుంది. పొట్ట మీది బిందువుకు అంతే కరెంటు ఇస్తే ఆ ఫలితం రాలేదు. ఆ నాడులు లేని ఎలుకల్లో కాలికి ఇచ్చినా రాలేదు.

జుసాన్లీ పొంగిపోయింది గానీ, ఆ ప్రయోగంలో తేలింది నాడి పనే. చైనా గ్రంథాలు చెప్పే ప్రాణశక్తి ‘చీ’ ఏ పరికరానికీ చిక్కలేదు. పైగా అవి ఎలుకలు. కడుపునొప్పి ఎడతెగకపోతే మోకాలి కింద నొక్కుకుంటూ కూర్చోకండి, డాక్టరుకు చూపించుకోండి.