నేనొక కేసు ఫైలును

నేను క్యాన్సర్ కేసు ఫైలును. 2020 ఫిబ్రవరిలో హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్‌.జె. ఆసుపత్రిలో నా అట్ట మీద మర్పల్లి ఊరి అవ్వ పేరు రాశారు. లోపల బయాప్సీ రిపోర్టు, మమోగ్రామ్ ఫిల్ము, ఆరోగ్యశ్రీ కాగితాలు, కీమో తేదీలు. ఇంట్లో గోడ మేకుకు వేలాడే సంచిలో నా కాపురం. చేను పని నుంచి వచ్చాక చేతులు శుభ్రంగా కడుక్కుంటే గానీ అవ్వ నన్ను ముట్టేది కాదు.

కీమో 21 రోజులకోసారి. ఆ మందు రొమ్ములోని గడ్డతో పాటు రక్తంలోని తెల్లకణాలనూ దెబ్బతీస్తుంది. అవి కోలుకోవడానికే ఆ వ్యవధి. మరీ ఆలస్యమైతే గడ్డ కూడా కోలుకుంటుంది.

మార్చి 22న జనతా కర్ఫ్యూ, వెంటనే లాక్‌డౌన్. మర్పల్లి స్టేషన్లో రైలు ఆగడం మానేసింది. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. నాలో రాసిన తేదీ వచ్చింది, పోయింది. దాని ఎదుటి గడి ఖాళీగా మిగిలింది.

"ఇప్పుడు పోతే కరోనా అంటుకుంటదేమో బిడ్డా" అంది అవ్వ. తెల్లకణాలు తగ్గిన ఒంటికి ఆ భయం న్యాయమైనదే. కొడుకు డాక్టరుకు ఫోన్ చేశాడు. మందు ఆపొద్దు, తీసుకురమ్మన్నారు. కారు మాట్లాడుకుని బయల్దేరితే దారిలో పోలీసులు ఆపారు.

"మా అవ్వకు కీమో ఉంది సార్" అంటూ కొడుకు నన్ను తెరిచి పట్టుకున్నాడు. కానిస్టేబుల్ తేదీ మీద వేలు పెట్టి చదివాడు. "పోండ్రి, జల్ది పోండ్రి" అని బారికేడ్ జరిపాడు. ఆ సాయంత్రానికి తర్వాతి తేదీ ఎదుటి గడి నిండింది.

అందరి గడులూ నిండలేదు. దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల లెక్కలను నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ పరిశోధకులు 2021లో లాన్సెట్ ఆంకాలజీలో ప్రచురించారు. 2020 మార్చి నుంచి మే వరకు, అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే, కొత్త రోగుల నమోదు 54 శాతం, పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. జబ్బు తగ్గి కాదు, దారి మూసుకుపోయి. నాలో ఖాళీ ఒక్క గడే. ఆసుపత్రికి రాలేకపోయిన వాళ్లలో ఎందరికో అసలు ఫైలే పుట్టలేదు.

అదే కాలంలో ఒక మంచి కబురూ వచ్చింది. రొమ్ము ఆపరేషన్ తర్వాత మూడు వారాల్లో ఇచ్చే 15 రేడియేషన్ సిట్టింగులకు బదులు, వారంలో 5 సరిపోతాయని బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ పరిశోధన 2020 ఏప్రిల్‌లో తేల్చింది. ఊరి నుంచి వచ్చే రోగికి తగ్గిన ప్రతి ప్రయాణమూ వైద్యమే.

మళ్లీ ఏ మహమ్మారి వచ్చినా క్యాన్సర్ రోగికి బండి, దారి ముందే సిద్ధం చేయాలి. రొమ్ములో గడ్డ, నోట్లో మానని పుండు, నెలసరి ఆగాక రక్తస్రావం కనిపిస్తే మీరూ ఆగకండి. వెంటనే చూపించుకోండి, మొదలుపెట్టిన వైద్యాన్ని మధ్యలో వదలకండి.