పని మానిన ఇంజను – పీఠమెక్కని కళ

వస్తువుకంటే దాని వెనకనున్న ఆలోచనకే పెద్దపీట వేసే కళను కాన్సెప్చువల్ ఆర్ట్ అని, తెలుగులో భావనాత్మక కళ అని అంటారు. 1913లో మార్సెల్ డుషాంప్ సైకిలు చక్రాన్ని స్టూలుపై తలకిందులుగా బిగించి ఈ దారికి తలుపు తీయగా, 1960లో జాన్ టింగ్లీ పాత చక్రాలనూ మోటార్లనూ కలిపి, తనను తానే ధ్వంసం చేసుకునే యంత్రాన్ని న్యూయార్క్‌లో ఒక మ్యూజియం తోటలో నిలబెట్టాడు. ఈ రెండో వింత చిత్తూరు రైతులకు వింతగా తోచకపోవచ్చు. వోల్టేజి పడిపోయినప్పుడల్లా వారి మోటార్లు అదే ప్రదర్శనను టికెట్టు లేకుండా ఇస్తూనే ఉన్నాయి.

ఆంధ్రదేశంలో పాత ఇనుముకు కళాయోగం పట్టించిన ఊరు తెనాలి. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లనూ బోల్టులనూ వెల్డింగు చేసి నాయకుల నిలువెత్తు విగ్రహాలు తయారుచేశారు. అయితే అక్కడ బోల్టు ముక్కులోనో మీసంలోనో కలిసిపోతుంది. భావనాత్మక కళలోనైతే బోల్టు బోల్టుగానే ఉండి, చూసేవాడే ఆలోచనలో పడాలి.

ఆ లెక్కన అసలు సరుకు పలమనేరు, కుప్పం ప్రాంతాల బావిగట్లపైనే ఉంది. ఒకప్పుడు నీళ్లు తోడుతూ, చెరుకు గానుగలు తిప్పుతూ ఊపిరి సలపకుండా పనిచేసిన ఆయిల్ ఇంజన్లు, బావులెండి బోర్లు వెయ్యి అడుగులు దాటాక కానుగచెట్ల కింద నిలిచిపోయాయి: బీడు చక్రంపై తువ్వాలు ఆరుతుంది, ఎండిన నీళ్లతొట్టిలో కోడి పొదుగుతుంది, తిప్పే హ్యాండిలు మాత్రం ఇంటి దూలానికి భద్రంగా వేలాడుతుంది. పాత సామాన్ల వ్యాపారి కళావిమర్శకుడి హోదాలో వచ్చి, బీడుకొక ధర, ఇత్తడికొక ధర చెబుతాడుగాని, భావం ఆయన కాటాలో తూగదు.

ఆయుధపూజనాడు తిరుపతి మెకానిక్ షెడ్డులోని లేతు మిషనుకూ, ఊళ్లోని ఈ మూగ ఇంజనుకూ విబూది పట్టెలు, కుంకుమ, బంతిపూల దండ, నిమ్మకాయ సమానంగా దక్కుతాయి. యంత్రాన్ని పని అడగకుండా చూడటమనే డుషాంప్ దారి ఆ పూటకు ఆ ప్రాంతమంతటా అమలవుతుంది.

ఇన్ని లక్షణాలుండీ ఇంజను కళాఖండం కాలేకపోవడానికి కారణం దాని యజమాని. “మోటారు కాలితే మళ్లీ ఇదే గతి, ఉండనీలే నాయనా” అని ఆయన వ్యాపారిని తిప్పిపంపినంతకాలం, సిద్ధాంతం ఏమన్నా, అది దీర్ఘకాలిక సెలవులో ఉన్న ఉద్యోగే.